కంప్యూటర్ వేసిన వంతులు

నా ఉద్యోగం, లేని మనుషుల్ని పుట్టించడం. విశాఖపట్నంలోని ఒక చిన్న కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తాను. మా కంపెనీ ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ రాస్తుంది. రాసింది సరిగ్గా నడుస్తుందో లేదో చూడాలంటే రోగులు కావాలి. నిజమైన రోగుల వివరాలు మాకు ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. అందుకని నేనే తయారు చేస్తాను. వయసు, బరువు, జ్వరం, రక్తపోటు, ఏ వార్డు, ఏ మంచం, అన్నీ పైథాన్ భాషలో యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టించి నింపుతాను. యాదృచ్ఛికం అన్న మాట పాఠ్యపుస్తకంలో తప్ప ఎవరి నోటా వినలేదు. ఆఫీసులో రాండమ్ అంటాం. మా అమ్మకు మాత్రం "ఏది పడితే అది వచ్చే అంకెలు" అని చెప్పాను.

ఆమె చోళ్ళు చెరుగుతూ అడిగింది ఒకరోజు, "ఏటి సేత్తన్నావే పొద్దున్నుంచి ఆ పెట్టి ముందర?" అని.

"రోగుల్ని తయారు సేత్తన్నానమ్మా."

"ఓలమ్మ! ఉన్న రోగాలు సాలవా ఏటి?"

చాట పక్కన పెట్టి వచ్చి తెర వంక చూసింది. అప్పుడే పుట్టిన డెబ్బై ఏళ్ళ ముసలాయన ఒకాయన నూట మూడు జ్వరంతో కనబడ్డాడు. ఇలాంటి మనిషే లేడని నేను ఎంత చెప్పినా ఆమెకు మనసొప్పలేదు. "నేకపోతే నేకపోనాడు, జొరమెందుకు పెట్టినావు పాపం?" అని వెళ్ళిపోయింది.

మా ఊరు కొండ మీద. కిందికి దిగితే పాచిపెంట, ఇంకా దిగితే సాలూరు. పైదారిన పోతే అరకు. సాలూరులో హాస్టల్లో ఉండి ఇంటర్ చదివాను. విశాఖలో ఎంసీఏ చేసి అక్కడే ఉద్యోగంలో చేరాను. కరోనాకి అందరినీ ఇళ్ళకు పొమ్మన్నప్పుడు బ్యాగు సర్దుకుని వచ్చాను. తరువాత రమ్మంటారని ఎదురుచూశాను. రమ్మనలేదు. కొన్నాళ్ళకు ఎదురుచూడడం మానేశాను. మా ఇంటి వసారాలో తూర్పు మూలకు సిగ్నల్ బాగా తగులుతుంది. అక్కడే బల్ల వేసుకున్నాను. మబ్బు పట్టినప్పుడు సిగ్నల్ పోతుంది. అది పోతే నేను కూడా బుట్ట పట్టుకుని కాఫీ తోటలోకి పోతాను. ఈ ఏర్పాటు నాకు బాగా నచ్చింది. మేనేజర్‌కు నచ్చిందో లేదో అడగలేదు.

ఇక కాఫీ సంగతి. మా ఊళ్ళో ప్రతి ఇంటికీ కొండవాలున సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కొంత కాఫీ తోట ఉంది. ఇదివరకు పళ్ళను కోసినవి కోసినట్టు ఎండేసి వ్యాపారికి ఇచ్చేవాళ్ళు. తోలు తీసి, నానబెట్టి, కడిగి ఎండబెడితే మంచి ధర వస్తుందని తెలిశాక ఆడవాళ్ళ సంఘం వాళ్ళు పోరాడి ఒక పల్పింగ్ మిషిను తెచ్చుకున్నారు. చేత్తో తిప్పేది. పైనుంచి ఎర్ర పళ్ళు పోస్తే గింజ ఒక పక్కకు, తోలు ఒక పక్కకు పడతాయి. వాగు పక్కన రేకుల షెడ్డు వేసి అందులో బిగించారు.

మిషిను ఒకటే, ఇళ్ళు చాలా. పైగా కాఫీ పండుకు ఓపిక లేదు. కోసిన రోజే తోలు తీయాలి, లేకపోతే పులిసి వాసన కొడుతుంది. ఆ వాసన వస్తే కొనేవాళ్ళు ముక్కు చిట్లిస్తారు. అంటే మిషిను మీద వంతు ఎప్పుడొస్తుందో ఆ రోజే పళ్ళు కోసుకోవాలి. ముందు వంతు వచ్చినవాళ్ళకు ఎండ దొరుకుతుంది, వాగులో నీళ్ళు తేటగా ఉంటాయి. వెనక వంతు వాళ్ళకు ఒకోసారి వాన పడుతుంది, పళ్ళు చెట్టు మీదే ముదిరి రాలిపోతాయి. మొదటి ఏడాది చీటీలు వేశారు. చీటీలు మడిచిన మనిషి తన చీటీని గుర్తు పెట్టుకుందని ఒకావిడ, తీసిన పిల్ల ఫలానా వాళ్ళ మనవరాలని ఇంకొకావిడ గొడవపడ్డారు. రెండో ఏడాది ఇళ్ళ వరస ప్రకారం అన్నారు. వరస ఏ చివర మొదలుపెట్టాలన్న దాని మీద గొడవ తేలేలోపే పళ్ళు పండి రాలిపోయాయి.

మూడో ఏడాది సంఘం పెద్ద మా వసారాలోకి వచ్చి కూర్చుంది. ఆమెను నేను అత్తా అని పిలుస్తాను. లెక్కల్లో గట్టిది, మాటల్లో ఇంకా గట్టిది.

"ఏది పడితే అది వచ్చే అంకెలు తీత్తావంట గదా. మీ అమ్మ సెప్పింది."

"తీత్తానత్తా."

"ఐతే మా పేర్లు దానిలో ఏసి వంతులు తీసీ. మనిసి తీత్తే సుట్టరికం సూత్తారు. నీ పెట్టికి సుట్టాలు నేరు గదా."

నాకు సంతోషం వేసింది. చదువుకున్న చదువు ఊళ్ళో ఎవరికైనా పనికిరావడం అదే మొదలు. నిజానికి ఇది కొన్ని పంక్తుల పని. పేర్లన్నీ ఒక వరసలో రాసి, షఫుల్ అంటే చాలు, పేకముక్కలు కలిపినట్టు పైథాన్ వాటిని కలిపేస్తుంది. అన్నం ఉడికేలోపు రాసేశాను.

ఆదివారం ప్రార్థనకు వెళ్ళేవాళ్ళు వెళ్ళొచ్చాక, వెళ్ళనివాళ్ళు మేకల్ని తోలేశాక, అందరూ షెడ్డు దగ్గర చేరారు. ల్యాప్‌టాప్‌ను మిషిను మీదే పెట్టాను. మీట నొక్కాను. పేర్లు వరసగా వచ్చాయి. మొదటి పేరు మా అమ్మది.

కొందరు నవ్వారు. అమ్మ కొంగుతో నోరు మూసుకుంది. అప్పుడు వెనకనుంచి మా చిన్నమ్మ గొంతు వినబడింది.

"ఇంకోపాలి నొక్కమనండి."

చిన్నమ్మ అంటే మా నాన్న తమ్ముడి భార్య. మా తోట, వాళ్ళ తోట పక్కపక్కనే. ఆమెకూ మా అమ్మకూ చాలా ఏళ్ళుగా మాటల్లేవు. కారణం ఒక మిరియాల తీగ. తీగను నాటింది మా అమ్మ, మా గట్టు మీద. అది పాకిపాకి వాళ్ళ సిల్వర్ ఓక్ చెట్టెక్కింది. తీగ మాది, చెట్టు వాళ్ళది. ఒక ఏడాది చిన్నమ్మ మిరియాలు కోసుకుంది. అమ్మ ఒక మాట అంది, ఆమె రెండు మాటలంది. అప్పటి నుంచి దారిలో ఎదురుపడితే ఇద్దరూ తమతమ మేకల్ని తిట్టేవారు. వినాల్సింది మేకలు కాదని ఊరందరికీ తెలుసు. అందుకే ఆమె ఇప్పుడు కూడా "నొక్కు" అని నాతో అనలేదు. "నొక్కమనండి" అని గాలితో అంది.

నొక్కాను. మళ్ళీ అదే వరస. మొదట మా అమ్మ. ఒక్క పేరు కూడా అటూ ఇటూ కదలలేదు.

ఎందుకలా అయిందో నాకు వెంటనే తెలిసింది. ఆఫీసులో మాకు ఒక పద్ధతి ఉంది. పుట్టించిన రోగుల్లో ఎవరి దగ్గరైనా సాఫ్ట్‌వేర్ ఆగిపోతే, సరిగ్గా అదే రోగిని మళ్ళీ పుట్టించి చూడాలి. అందుకని అంకెలు ఎప్పుడూ ఒకే వరసలో వచ్చేలా మొదట ఒక సంఖ్య ఇస్తాం. దాన్ని సీడ్ అంటారు. చేతి అలవాటుగా ఇక్కడా ఆ పంక్తి రాసేశాను. ఆఫీసులో అయితే ఇలా మళ్ళీ అదే వచ్చినందుకు మెచ్చుకుంటారు. ఇక్కడ చిన్నమ్మ ఒకే మాట అంది.

"కూతురు పెట్టి, తల్లి పేరు. ఇంకేటి?"

అమ్మ ముఖం మాడిపోయింది. "నా పేరు తీసీయే. నాకొద్దు ముందొంతు. ఎనకే ఉంతాను," అని గబగబా నడిచి షెడ్డు బయటికి పోయి నిలబడింది. దొంగతనం అంటగట్టినట్టు ఉంది ఆమె నిలబడిన తీరు. ల్యాప్‌టాప్ మూసేసి వెళ్ళిపోదామనిపించింది. కానీ సంఘం పెద్ద కదలనివ్వలేదు.

"అదేటో ఇడమరిసి సెప్పు. ఏది పడితే అది అన్నావు గదా. ఒక్కటే పడతాదేటి?"

అప్పుడు నేల మీద కూర్చుని చెప్పాను. కంప్యూటర్‌కు ఊరికే తోచడం అనేది రాదు, లెక్క చేయడం ఒక్కటే వచ్చు. మన కళ్ళకు ఏది పడితే అది అనిపించేలా లెక్క చేస్తుంది, అంతే. "ఒక అంకి అనుకో అత్తా. దాన్ని ఏడుతో హెచ్చించు, మూడు కలుపు. వచ్చిన దాన్లో ఆకరి అంకి ఒక్కటే ఉంచు. మళ్ళీ దానికే అలాగ సెయ్యి."

ఆమె నాలుగు అనుకుంది. అందరికీ వినబడేలా చేసింది. నాలుగేళ్ళు ఇరవై ఎనిమిది, మూడు కలిపితే ముప్ఫై ఒకటి, చివర ఒకటి. ఒకటికి ఏడు, మూడు కలిపితే పది, చివర సున్నా. తరువాత మూడు. తరువాత మళ్ళీ నాలుగు.

"మొదటికే వచ్చీసింది!"

"ఇప్పుడు అయిదుతో సెయ్యి."

అయిదు, ఎనిమిది, తొమ్మిది, ఆరు వచ్చాయి. ఆ వరసకూ ఈ వరసకూ పోలికే లేదు. ఆడవాళ్ళు దగ్గరికి జరిగారు. కంప్యూటర్ లెక్క ఇంతకన్నా చాలా పెద్దదనీ, మళ్ళీ మొదటికి రావడానికి మన మనవల మనవలు కూడా చాలరనీ చెప్పాను. కానీ మొదలు ఒకటే ఐతే వరస కూడా ఒకటే. ఆ మొదలునే సీడ్ అంటారు.

"సీడంటే ఇత్తనం గదా," అంది ఒకామె. ఎరువుల కొట్టు సంచుల మీద చూసి ఉంటుంది.

"అవును, ఇత్తనమే."

"మరి ఈ ఇత్తనం ఎవులేసినారు?"

"నానే."

అందరూ ఒక్కసారి చిన్నమ్మ వైపు చూశారు. ఆమె ఇక వేరే అనాల్సిన అవసరం లేదు.

ఆ పంక్తి తీసేస్తానన్నాను. తీసేస్తే కంప్యూటర్ తనకు తానే మొదలు వెతుక్కుంటుంది, నా చెయ్యి ఉండదు. అప్పుడు చిన్నమ్మ షెడ్డు స్తంభానికి ఆనుకుని ఉన్నది నిటారుగా నిలబడింది. మొదటిసారి నేరుగా నాతో మాట్లాడింది.

"నువ్వు ఎయ్యనంతన్నావు. అది తనకి తనే ఏసుకుంతాదంతన్నావు. మాకెలాగ తెలుస్తాది? నా సెయ్యి కూడా దాన్లో పడాల. అప్పుడు నానొప్పుకుంతాను."

నాకు కోపం రాలేదు. ఆ మాటలో తప్పేమీ కనబడలేదు. నిజమే, దాని లోపల ఏం జరుగుతుందో నేను కూడా కళ్ళతో చూడలేదు, చదివి నమ్మాను. ఆమె చదవకుండా ఎందుకు నమ్మాలి? ఆమె చెయ్యి ఒక్కటే పడితే మళ్ళీ ఆమె మీద అనుమానం వస్తుంది. అందరి చేతులూ పడాలి.

"ఐతే అందరూ ఏద్దాం. ఇత్తనమే గదా."

ఒకరి ఇంటి నుంచి చాటెడు రాజ్మా గింజలు తెప్పించాను. ఆ ఏడాది మా ఊళ్ళో రాజ్మా బాగా పండింది. ఒక బుట్ట మీద తువ్వాలు కప్పాను. ప్రతివాళ్ళూ చాటలోంచి తమకు నచ్చినన్ని గింజలు గుప్పిట పట్టుకుని, ఎవరికీ చూపించకుండా తువ్వాలు కింద చెయ్యి పెట్టి వదలాలి. చివరికి బుట్టలో పడ్డవన్నీ కలిపి లెక్కపెడదాం. ఆ సంఖ్యే విత్తనం. ఒక్కళ్ళు ఒక్క గింజ ఎక్కువ వేసినా వరసంతా మారిపోతుంది. ఎవరు ఎన్ని వేశారో ఎవరికీ తెలియదు కనుక తనకు కావాల్సిన వరస తెచ్చుకోవడం ఎవరి తరమూ కాదు.

ఈ మాట వాళ్ళకు నచ్చింది. నచ్చిందనడం కూడా తక్కువే, పండగలా చేశారు. ఒకామె కళ్ళు మూసుకుని దండం పెట్టుకుని వేసింది. ఒకామె "ప్రభువా" అని వేసింది. ఒకామె గుప్పెట్లో ఏమీ పట్టుకోకుండా ఒట్టి చెయ్యి పెట్టి తీసి, అలా వేయొచ్చా అని తరువాత అడిగింది. వేయొచ్చన్నాను, సున్నా కూడా అంకే. సంఘం పెద్ద వెళ్ళి మా అమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. అమ్మ కూడా వేసింది. అందరికన్నా ఆఖరున చిన్నమ్మ వేసింది. గింజలు ఒకదానికొకటి తగిలిన చప్పుడును బట్టి గుప్పిట నిండా పట్టిందని అందరికీ తెలిసిపోయింది.

గింజల్ని సంఘం పెద్ద గట్టిగా లెక్కపెట్టింది. ఆ సంఖ్యను నేను టైపు చేశాను, ఆమె పక్కన కూర్చుని సరిచూసింది. మీట ఎవరు నొక్కాలంటే అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. చివరికి అందరి తరఫునా ఆమే నొక్కింది. ఆ మీట మీద వేలు పెట్టడానికి ముందు చెయ్యి చీరకు తుడుచుకుంది.

మొదటి వంతు వాగు అవతలి ఇంటామెకు వచ్చింది. ఆమె సంతోషం పట్టలేక నా బుగ్గలు పుణికి, ఇంత మంచి పెట్టి ఎక్కడా లేదంది. పేర్లు చదువుకుంటూ పోతున్నాను. మధ్యకు వచ్చేసరికి నా నోరు ఆగింది. చిన్నమ్మ పేరు, దాని కింద మా అమ్మ పేరు.

అందులో ఏముందని అనుకోవచ్చు. కానీ మిషిను దగ్గర ఇద్దరు కావాలి. ఒకరు తిప్పితే ఒకరు పళ్ళూ నీళ్ళూ పోయాలి. ఇంట్లో మగవాళ్ళు పళ్ళు కోతలో ఉంటారు కనుక, ఒకరి వంతులో తరువాతి వంతు మనిషి సాయం పట్టాలని సంఘం కట్టుబాటు. అంటే చిన్నమ్మ తిప్పుతుంటే మా అమ్మ పోయాలి.

సంఘం పెద్ద మెల్లగా అంది, "పోనీ మళ్ళీ ఏసుకుందామా?"

నేను చిన్నమ్మను చూశాను. ఆమె మా అమ్మను చూడకుండా బుట్టను చూస్తోంది.

"మళ్ళీ ఎందుకు? నానూ ఏసినాను గదా గింజలు. పడింది పడింది."

చిన్నమ్మ వంతు రోజు వచ్చింది. నేను ఆఫీసుకు సెలవు పెట్టలేదు కానీ సిగ్నల్ లేదని చెప్పి షెడ్డు దగ్గరికి పోయాను. మంచు ఇంకా వాగు మీద నుంచి లేవలేదు. చిన్నమ్మ మిషిను తిప్పుతోంది. అమ్మ పళ్ళు పోస్తోంది. ఇద్దరి మధ్యా మాట లేదు. మాట లేకుండా ఆ పని చేయడం ఎంత కష్టమో అప్పుడే చూశాను. పళ్ళు ఎక్కువైతే "సాలు" అనాలి, నీళ్ళు తగ్గితే "పొయ్యి" అనాలి. అనకుండా చిన్నమ్మ తిప్పడం ఆపేది. ఆపింది చూసి అమ్మ ఊహించుకునేది. ఊహ తప్పితే పళ్ళు బయటికి చింది పడేవి. నేను వంగి ఏరడం మొదలుపెట్టాను. కనీసం అలా అయినా ఒక పని దొరికింది.

ఒక బుట్ట అయింది. రెండోది సగంలో ఉండగా, చిన్నమ్మ గింజలు ఎలా పడుతున్నాయో చూద్దామని తిప్పుతూనే ముందుకు వంగింది. చీర కొంగు జారి మిషిను దంతాల చక్రం వైపు పోయింది.

"ఓలే! కొంగు! కొంగు సూసుకో!"

అరిచింది మా అమ్మ. అరవడమే కాదు, చేతిలో చెంబు పడేసి కొంగును పట్టి లాగింది. అప్పటికే అంచు కొంచెం చక్రం దంతాల్లో చిక్కింది. చిన్నమ్మ పిడి వదిలేసింది. మిషిను ఆగింది. ఇద్దరూ కొంగుకు చెరో పక్కన నిలబడి ఊపిరి పీల్చుకున్నారు.

"ఇంకాస్త అయితే మెడకి సుట్టుకునేది," అంది అమ్మ.

"సూడనేదప్పా," అంది చిన్నమ్మ.

అప్పా అంటే అక్కా అని. ఆ పిలుపు మా ఇంట్లో వినబడి ఎన్నాళ్ళయిందో. అమ్మ పిడిని వెనక్కి తిప్పి కొంగు అంచు మెల్లగా బయటికి లాగింది. అది చిరిగి, కాఫీ పండు రసంతో తడిసి ఉంది. చిన్నమ్మ కొంగును నడుముకు బిగించుకుంది. బిగుతుగా ఉందో లేదో అమ్మ వేలు పెట్టి చూసింది. మళ్ళీ మొదలుపెట్టారు.

ఆ తరువాత మాటలు వచ్చాయి. మొదట మిషిను మాటలే. పొయ్యి, సాలు, ఆగు, రాయొచ్చింది తియ్యి. మధ్యాహ్నానికి అవి మెల్లగా దారి మళ్ళాయి. చిన్నమ్మ మోకాలు నొప్పి, మా వదిన చేసిన పనసకాయ కూర, ఎవరిదో ఆవు తప్పిపోయిన సంగతి. మిరియాల సంగతి కూడా వచ్చింది. తీగను ఎవరు కోయాలన్నది ఆ రోజు తేలలేదు, ఈ రోజుకీ తేలలేదు. ఆ ఏడాది నుంచి ఇద్దరూ ఒకే రోజు వెళ్ళి, మా పక్క నుంచి అమ్మ, వాళ్ళ పక్క నుంచి చిన్నమ్మ, చెయ్యి అందినంత కోసుకుంటారు. పైన అందనివి పిట్టలకు వదిలేస్తారు.

పళ్ళు విడతలుగా పండుతాయి కనుక ఆ సీజనంతా ఆదివారం ఆదివారం వంతులు వేసుకున్నాం. గొడవలు పూర్తిగా పోయాయని చెప్పను. వాగు అవతలి ఇంటామె, మొదటి వారం నా బుగ్గలు పుణికినామె, వరసగా మూడు వారాలు ఆఖరి వంతులో పడింది. మూడోసారి ఆమె బుట్టను కాలితో తన్నింది.

"నీ పెట్టికి నామీద కచ్చ. ఏటి సేసినాను నాను దానికి?"

నేను మళ్ళీ నేల మీద కూర్చున్నాను. కంప్యూటర్‌కు పోయిన వారం సంగతి గుర్తుండదని చెప్పాను. ఈ వారం ఆఖరున పడ్డవాళ్ళు వచ్చే వారం ఆఖరున పడకూడదని దానికి ఎవరూ చెప్పలేదు. నిజంగా ఏది పడితే అది వచ్చేటప్పుడు ఇలా ఒకేచోట కుప్పపడడం కూడా అందులో భాగమే. కుదురుగా, సమంగా పంచినట్టు వస్తేనే అనుమానించాలి. ఆమె అంతా విన్నది. విని, "నువ్వు సెప్పింది బాగుంది. నా పళ్ళు రాలిపోతన్నాయి," అంది.

ఒక్కసారి ఆఖరున పడినవాళ్ళు మళ్ళీ పడకుండా రాయొచ్చని చెప్పాను. నాలుగు పంక్తులు కలిపితే చాలు. సంఘం వాళ్ళు దాని మీద చాలాసేపు మాట్లాడుకున్నారు. కొందరు రాయమన్నారు, కొందరు వద్దన్నారు. చివరికి సంఘం పెద్ద అంది, "రాత్తే ఇంకొకామి ఇంకో రూలు రాయమంతాది. రాసుకుంటా పోతే అది మన పెట్టి అయిపోతాది, మళ్ళీ మన సుట్టరికాలే దాన్లోకి ఎల్తాయి. అది తీసింది తీయనీ. మనకి నోళ్ళున్నాయి గదా." అని, ఆ వాగు అవతలామె వైపు తిరిగి, "నా వంతు నాలుగోది. నువ్వు తీసుకో. నా పళ్ళు ఇంకా పచ్చిగున్నాయి," అంది.

అవి పచ్చిగా లేవు. పొద్దున్న నేను ఆమె తోట మీదుగానే వచ్చాను. ఎర్రగా ఉన్నాయి. కానీ ఆ మాట నేను అనలేదు. అక్కడున్న వాళ్ళలో చాలామందికి తెలుసు, వాళ్ళూ అనలేదు.

అప్పటి నుంచి అది అలవాటైంది. పెట్టె తీసిన వరస ఒకటి, దాని మీద వాళ్ళు చేసుకునే మార్పులు కొన్ని. ఒకరి ఇంట్లో జ్వరం, ఒకరికి ఊరెళ్ళే పని, ఒకరికి మనవడు పుట్టాడు. వరస వచ్చిన కాసేపటికే అది సగం మారిపోయేది. ఐతే దేన్నుంచి మారుతున్నామో అందరికీ ఒకటే తెలిసేది, ఎవరు ఎవరికి ఇచ్చారో కూడా తెలిసేది. ఇచ్చినవాళ్ళు దర్జాగా ఇచ్చేవారు.

కాఫీ అయిపోయాక ఆఖరి రోజున మిషినును విప్పి కడిగారు. దంతాల చక్రానికి నూనె రాసి గోనెపట్టా కప్పారు. నేను ఆఫీసు పని తొందరగా ముగించి వెళ్ళేసరికి అందరూ వెళ్ళిపోతున్నారు. చిన్నమ్మ ఒక్కతే షెడ్డు ఊడుస్తోంది. చీపురు అందుకోబోతే ఇవ్వలేదు. ఊడ్చి, చేతులు కడుక్కుని, నాతో పాటు కొండెక్కడం మొదలుపెట్టింది. ఎండ వాలుతోంది. ఎదురుగా కొండ మీద ఎవరో వలిసెల పొలం దగ్గర ఆవుల్ని మళ్ళిస్తున్నారు. చాలా ఏళ్ళ తరువాత ఆమెతో పక్కపక్కన నడవడం. మోకాలు నొప్పికి ఆమె ఒకచోట ఆగింది. నన్ను పైనుంచి కిందికి చూసింది.

"మరి నీ పెళ్ళెప్పుడే గుంటా? మీయమ్మ నీకేటీ సెప్పదా? ఆ పెట్టి ముందర కూకుంటే మొగుడు వత్తాడా?"

విశాఖలో నాతో పనిచేసే అమ్మాయిలకు ఈ ప్రశ్న అంటే ఒళ్ళుమంట. నాకూ మంటే. పండగలకు వచ్చే చుట్టాలు ఈ మాట అడిగితే లేచి వెళ్ళిపోయిన రోజులున్నాయి. ఆ సాయంత్రం మాత్రం నాకు నవ్వొచ్చింది. ఈ ప్రశ్న అడిగే హక్కును ఇన్నాళ్ళూ వాడుకోకుండా దాచిపెట్టుకుని, ఈ రోజు గబుక్కున బయటికి తీసింది మా చిన్నమ్మ.

"నువ్వే సూడు సిన్నమ్మా ఎవుడినైనా," అన్నాను.

"సూత్తాను. సూడకేటి? మా అన్న కొడుకు ఒకడున్నాడు సాలూరులో, మెకానిక్కు. మంచోడే గానీ ఎర్రగుండడు."

"నాను మాత్రం ఎర్రగున్నానేటి?"

ఆమె నా భుజం మీద చెయ్యి వేసి, దాని మీద బరువు మోపి నడవసాగింది. మోకాలు నొప్పి నిజమే అయినా అంత బరువు మోపాల్సినంత నొప్పి కాదనుకుంటాను. ఇల్లు వచ్చేదాకా ఆ మెకానిక్కు గురించి చెబుతూనే ఉంది. వాడు ఏ బండి బాగుచేస్తాడు, ఎంత తింటాడు, చిన్నప్పుడు వాళ్ళ అమ్మను ఎలా ఏడిపించాడు. మా ఇంటి ముందు అమ్మ ఎదురొచ్చి, ఏటి అంత నవ్వుకుంతన్నారని అడిగింది. చిన్నమ్మ గట్టు మీద కూలబడి, మొదటి నుంచి మళ్ళీ చెప్పడం మొదలుపెట్టింది.